పర్మిషన్ మాస్టారు

నా క్లాసులో దగ్గు వచ్చినా అడిగే దగ్గాలి. నవ్వించడానికి చెబుతున్న మాట కాదిది. లిఫ్టులు బాగుచేసే ఒకాయన చేరిన కొత్తలో ఓ సాయంత్రం గొంతు పొలమారి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, చెయ్యి పైకెత్తి "మే ఐ కాఫ్, సర్?" అన్నాడు. నేను చిరునవ్వుతో "యస్, యూ మే" అన్నాను. ఆయన కరువుతీరా దగ్గి, ఊపిరి పీల్చుకుని, "థాంక్యూ, సర్" అని కూర్చున్నాడు. ఆ రోజు నేను ఇంటికి నడిచిన నడక చూసినవాళ్ళు నాకెవరో శాలువా కప్పి పంపించారనుకుని ఉంటారు.

టైర్ల దుకాణం పైన ఒక గది, ఓ తెల్లబోర్డు, గట్టిగా తిరిగితే ఊడి పడుతుందేమోనని అందరం భయపడే ఫ్యాను. నా సామ్రాజ్యం అంతే. పగలంతా ఏదో ఒక పని చేసుకుని సాయంత్రాలు వచ్చే పెద్దవాళ్ళకి నేను ఇంగ్లీషు చెబుతాను. అందులోనూ నాకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. మే, కెన్, మస్ట్, మస్ట్ నాట్. చెయ్యొచ్చు, చెయ్యాలి, చెయ్యకూడదు. ప్రపంచమంతా ఈ మూడు మాటల మీదే నడుస్తోందని మొదటి రోజే చెప్పేస్తాను. చెప్పడం కూడా ఆ ప్రపంచాన్ని నడుపుతున్నది నేనే అన్నట్టు చెబుతాను.

నా పద్ధతి నాది. పాఠం పుస్తకంలో ఉంటే బుర్రకెక్కదు, బతుకులో ఉండాలి అంటాను. అందుకని క్లాసులో ఎవరు ఏం చెయ్యాలన్నా ఇంగ్లీషులో అనుమతి అడగాలి. లోపలికి రావడానికి, కూర్చోవడానికి, కిటికీ తెరవడానికి, నీళ్ళు తాగడానికి. నేను అవునన్నా కాదన్నా చివర్లో "థాంక్యూ, సర్" అనాలి. కాదన్నప్పుడు కూడా థాంక్స్ ఎందుకు సార్ అని బేకరీలో పనిచేసే ఆవిడ ఒకసారి అడిగింది. అది మర్యాద అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి "థాంక్యూ, సర్" అంది. వెనకాల నన్ను పర్మిషన్ మాస్టారని పిలుచుకుంటారని నాకు తెలుసు. అది గౌరవమే అనుకున్నాను. మనిషికి ఒకసారి కొమ్ములు మొలిచాక టోపీ ఎందుకు పట్టడం లేదో కూడా అర్థం కాదు.

ఇక నిషేధాల పాఠం వచ్చేసరికి అన్ని వేషాలూ నావే. నేను పోలీసు, నేను హాస్టలు వార్డెను, నేను మ్యూజియం కాపలాదారు. "యూ మస్ట్ నాట్ టచ్!" అని గద్దిస్తే ముందు వరుస ఉలిక్కిపడాలి. లిఫ్టు మెకానిక్ ఓసారి, "మేమెప్పుడంటాం సార్ ఆ మాట?" అని అడిగాడు. "ముందు అడగడం సరిగ్గా రానీ" అన్నాను. అంత దర్జాగా అన్నాను కాబట్టి అందులో అర్థం ఉందనే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అలాంటి రోజుల్లో మా ఆవిడ ఒకనాడు నా కంచం తీస్తూ, "నేనూ మీ క్లాసుకి రానా?" అంది.

మా ఆవిడ నర్సు. ఇన్నేళ్ళుగా ఒకే ఆసుపత్రి, సగం బతుకు రాత్రి డ్యూటీలు. ఆసుపత్రి వాళ్ళు వేరే దేశాల నుంచి వచ్చే రోగుల కోసం కొత్త వార్డు తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జి కావాలి. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. ఆ ఉద్యోగం వస్తే పగటి డ్యూటీ, రాత్రుళ్ళు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే పని ఉండదు. ఈసారి పోతే మళ్ళీ అలాంటి ఖాళీ వచ్చేసరికి ఆవిడకి రిటైరయ్యే వయసొస్తుంది. ఇవన్నీ సరే. అసలు సంగతి వేరు. "ఒక్క వార్డు నా చేతికిస్తే ఎలా ఉంచుతానో చూడండి" అని ఆవిడ అప్పుడప్పుడు అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కళ్ళు నావైపు ఉండేవి కావు, ఆ వార్డువైపు ఉండేవి.

"రానా ఏమిటి, తప్పకుండా రా" అన్నాను. మా ఇంట్లో నేను ఏదీ కాదనను. పుట్టింటికి వెళ్ళి రానా అంటే వెళ్ళిరా అన్నాను, జుట్టు కత్తిరించుకోనా అంటే కత్తిరించుకో అన్నాను, తోటి నర్సులతో సినిమాకి వెళ్ళనా అంటే వెళ్ళు అన్నాను. ఇంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడని నాకు నేనే ముచ్చటపడేవాణ్ణి.

మర్నాడు సాయంత్రం ఆవిడ గడప దగ్గర నిలబడి "మే ఐ కమ్ ఇన్, సర్?" అంది. క్లాసంతా నావైపు చూసింది. సొంత పెళ్ళానికైతే మాస్టారు మినహాయింపు ఇస్తాడేమోనని అందరికీ ఆశ. నేను నిప్పులాంటి మనిషిని కదా. "గొంతు వినపడలేదు, ఇంకోసారి" అన్నాను. ఆవిడ ఇంకోసారి అడిగింది. లోపలికొచ్చి "మే ఐ సిట్ డౌన్, సర్?" అని కూడా అడిగింది. బేకరీ ఆవిడ జాలిగా పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ చూపులో జాలి ఎవరి మీదో అప్పుడు నాకు తట్టలేదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి, మా ఆవిడంత బాగా నేర్చుకున్నవాళ్ళు ఆ బ్యాచిలో లేరు. అడగడంలో తిరుగులేదు. మే ఐ, కుడ్ ఐ, వుడ్ ఇట్ బీ ఆల్‌రైట్ ఇఫ్ ఐ... తడుముకునేదే కాదు. పుట్టినప్పటి నుంచి ఆ పనే చేస్తున్నట్టు అడిగేది. నేను మిగిలినవాళ్ళకి ఆవిడనే చూపించి, చూసి నేర్చుకోండి అనేవాణ్ణి.

ఇంటర్వ్యూ రోజు ఆవిడ ఇంటికొచ్చేసరికి నేను స్వీటు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి ఉంచాను. ఆవిడ చెప్పులు విప్పి, ఆ పెట్టె వైపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మాయి నన్ను చూసి, ఏమైందన్నట్టు తలెగరేసింది. ఇద్దరం వెనకాలే వెళ్ళాం.

"ప్రశ్నలన్నీ బాగానే చెప్పాను" అంది ఆవిడ, పొయ్యి వైపు తిరిగి. "చివర్లో మా నర్సులందరికీ పెద్ద, మేట్రన్ గారు ఒక పని పెట్టారు. బోర్డులో ఉన్న సర్జన్ గారే రోగి తరఫు చుట్టం అనుకోమన్నారు. పొద్దున ఆపరేషన్ అయిన మనిషి మంచం దగ్గరికి, చూడకూడని వేళలో, బూట్లతో, పూలగుత్తి పట్టుకుని వచ్చేస్తుంటే ఆపమన్నారు. ఆయన లేచి గబగబా నడిచొచ్చేశారు."

"నువ్వేమన్నావ్?"

"మే ఐ స్టాప్ యూ, సర్? అన్నాను."

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆయన నో, యూ మే నాట్ అని నన్ను దాటుకుని వెళ్ళిపోయారు" అంది మా ఆవిడ. "నేను థాంక్యూ, సర్ అన్నాను."

ఆవిడ పొయ్యి మంట తగ్గించింది.

"అందరూ నవ్వారు. మేట్రన్ గారు నవ్వలేదు. బయటికి పిలిచి, నీ పని నాకు తెలుసు, అందుకే వచ్చే గురువారం మళ్ళీ రమ్మంటున్నా, కానీ థాంక్యూ చెప్పి దారిచ్చేసే మనిషికి ఆ వార్డు ఇవ్వలేను, రోగుల ప్రాణాలతో పని అన్నారు."

అప్పుడు మొగుడన్నవాడు ఏం మాట్లాడాలి? భుజం మీద చెయ్యి వెయ్యాలి. పోనీ, నోరు మూసుకోవాలి. నేనేమన్నానంటే, "వాక్యంలో మాత్రం తప్పు లేదు" అన్నాను. అబద్ధం ఎందుకు, ఆ మాట ఓదార్పుగానే అన్నాను. ఆవిడ పొయ్యి కట్టేసి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మా అమ్మాయి స్వీటు పెట్టె తీసి ఫ్రిజ్‌లో, అన్నిటికన్నా లోపలికి నెట్టి పెట్టింది.

ఆవిడని ఆ గతి పట్టించింది నా క్లాసేనని నాకు అర్థం కావడానికి ఆ రాత్రి చాలలేదు. మర్నాటి సాయంత్రం కావాల్సొచ్చింది. మా ఇంటి నడవని వార్డు చేసుకున్నాం. గోడ పక్క కుర్చీ రోగి మంచం. నేను చుట్టాన్ని. ఆవిడ నన్ను ఆపాలి. నేను వీధి తలుపు దగ్గర్నుంచి బయల్దేరాను. ఆవిడ ఎదురొచ్చి నిలబడి, నాకేసి చూసి, "ఇప్పుడు చెప్పనా?" అంది.

"అడగకూడదు, చెప్పెయ్యాలి" అన్నాను.

"సరే. చెప్పేస్తున్నా. యూ కాంట్ గో ఇన్."

"ముందు ఎక్స్‌క్యూజ్ మీ అంటే బాగుంటుంది. ఇంకా కాంట్ అనేటప్పుడు గొంతు కొంచెం..."

"నాన్నా" అంది మా అమ్మాయి సోఫాలోంచి, "నువ్వు రోగి చుట్టానివి. రోగి చుట్టాలు గొంతు దిద్దరు."

మళ్ళీ మొదలెట్టాం. ఈసారి ఎలాగో నోరు కట్టుకున్నాను గానీ కనుబొమలు కట్టుకోలేకపోయాను. అవి లేచినప్పుడల్లా ఆవిడ వాక్యం మధ్యలో ఆగిపోయేది. పాఠం ఎలా సాగుతోందని నా మొహం చూడటమే కానీ, మనిషిని ఆపుతున్నానన్న ధ్యాస ఆవిడకి లేదు. చివరికి నాకు విసుగొచ్చి, "నన్ను ఆపడం అంత కష్టమా?" అన్నాను.

సమాధానం మా అమ్మాయి చెప్పింది. "అమ్మ నిన్ను ఏదైనా వద్దనడం నేనింతవరకూ వినలేదు నాన్నా."

"నేను మాత్రం మీ అమ్మని ఎప్పుడైనా కాదన్నానా?" అన్నాను, న్యాయం నావైపే ఉందన్న ధీమాతో.

"అనలేదు. కానీ అమ్మ ప్రతిదీ నిన్నడుగుతుంది. నువ్వు అమ్మని ఏం అడిగావో ఒకటి చెప్పు. బయటికి వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అంటావు, వెళ్ళనా అనవు."

ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతికాను. కాఫీ పెడతావా అని అడిగినట్టు గుర్తొచ్చింది గానీ, అది ప్రశ్న కాదని నాకే తెలుసు. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి, ఏది ప్రశ్నో ఏది ఆజ్ఞో ఆ మాత్రం తెలియదా. మా ఆవిడ మా ఇద్దరి మధ్యా నిలబడి, "పోనీలేవే, నాన్నని ఏమీ అనకు" అంది. నన్ను వెనకేసుకొచ్చిన ఆ మాటే నన్ను ఎక్కువ కుమిలేలా చేసింది.

క్లాసులో చూసుకుందాం అనుకున్నాను. నలుగురిలో అయితే ఆవిడకి ధైర్యం వస్తుందని. మర్నాడు బోర్డు మీద రాయకుండానే చెప్పేశాను. ఈ వారమంతా నేను విద్యార్థిని, మీరంతా కాపలాదార్లు, మీకు తోచినట్టు నన్ను ఆపండి అని. గదిలో ఎవరూ నమ్మలేదు. లిఫ్టు మెకానిక్ ముందుగా తేరుకుని, లేచి, "సర్, యూ మస్ట్ నాట్ సిట్" అన్నాడు. లేచాను. "యూ మస్ట్ నాట్ లీన్ ఆన్ ద వాల్." గోడకి దూరంగా జరిగాను. ఆ గొంతులో ఇన్నాళ్ళ దగ్గు బాకీ అంతా వినిపించింది. బేకరీ ఆవిడ నా చేతిలో మార్కరు తీసుకుని, "యూ కాంట్ హోల్డ్ దిస్" అంది. ఒకాయన నన్ను నీళ్ళు తాగకూడదన్నాడు. ఒకాయన నేను ఫ్యాను కింద నిలబడి తీరాలన్నాడు. ఫ్యాను సంగతి అందరికీ తెలుసు. నేను పైకి చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం వాళ్ళు మాట్లాడినంత ఇంగ్లీషు ఆ బ్యాచి మొదలైనప్పటి నుంచీ మాట్లాడలేదు. ఇన్నేళ్ళ నా పద్ధతి బండారం గంటలో బయటపడింది.

మా ఆవిడ వంతు వచ్చింది. నేను సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్ళి, తలుపు నెట్టుకుని లోపలికి వచ్చాను. ఆవిడ ఎదురొచ్చి, "యూ కాంట్ కమ్ ఇన్. ఇట్ ఈజ్ నాట్ విజిటింగ్ టైమ్" అంది. గొంతు బాగుంది, మాట బాగుంది. కానీ నేను ఇంకో అడుగు వేసేసరికి ఆవిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది. మళ్ళీ చేశాం. నోరు వద్దంటోంది, కాళ్ళు జరిగిపోతున్నాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. క్లాసులో నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుని, "అవే జరుగుతున్నాయండీ, నేను జరపట్లేదు" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు భయం వేసింది. ఆ ఉద్యోగం రాదేమోనన్న భయం అప్పుడే మొదటిసారి గట్టిగా పట్టుకుంది. రాకపోతే ఆ పాపం ఏ మేట్రన్‌దీ కాదు.

గురువారం ఆవిడ నన్ను రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. వద్దనడం రాదు కదా. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాను.

దారంతా నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఆసుపత్రి నడవాలో, ఇంటర్వ్యూ గది బయట బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుని దానికి మెరుగులు దిద్దాను. లోపలికి వెళ్ళి, తప్పు ఈవిడది కాదు, బోధించిన నాది, నా పద్ధతిలో లోపం వల్ల మీరు ఒక మంచి నర్సుని పోగొట్టుకోకూడదు అని, నా జీవితంలోకెల్లా మంచి ఇంగ్లీషులో చెప్పేస్తాను. నేరం నెత్తిన వేసుకోవడంలో ఉన్న గొప్పతనం తలుచుకుంటే నాకే నా మీద గౌరవం పెరిగిపోతోంది. సర్జన్ గారు లేచి నాతో చెయ్యి కలిపే దృశ్యం కూడా వచ్చింది. మా ఆవిడ పక్కన చేతిరుమాలు మడతలు పెడుతూ కూర్చుంది. ఏం ఆలోచిస్తున్నావని నేను అడగలేదు.

తలుపు తెరుచుకుంది. మేట్రన్ గారే స్వయంగా వచ్చి ఆవిడని లోపలికి రమ్మన్నారు. ఆవిడ లేచింది. నేనూ లేచాను.

"మేడమ్" అన్నాను ఇంగ్లీషులో, "నేను ఈవిడ భర్తని, ఈవిడకి ఇంగ్లీషు నేర్పిన వాణ్ణి కూడా. లోపలికొచ్చి రెండు మాటలు మనవి చేసుకోవచ్చా?"

మేట్రన్ గారు కొంచెం తికమకపడ్డారు. లోపలికి తిరిగి చూశారు. సర్జన్ గారు బల్ల వెనకనుంచి చెయ్యి ఊపారు. "సరే, రండి" అన్నారు మేట్రన్ గారు, తలుపు ఇంకాస్త తెరిచి.

నేను అడుగు వేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"నో" అంది.

నాకు అర్థం కాలేదు. మేడమ్ రమ్మన్నారుగా అన్నట్టు చూసి ఇంకో అడుగు వేశాను. ఆవిడ తలుపు చెక్క మీద చెయ్యి వేసింది.

"యూ కాంట్ కమ్ ఇన్. యూ మస్ట్ వెయిట్ హియర్."

ఎక్స్‌క్యూజ్ మీ లేదు, ప్లీజ్ లేదు, సర్ లేదు. నా మొహం వైపు చూసింది గానీ, ఎలా అన్నానని అడిగే చూపు కాదు. వెనక నిలబడ్డ మేట్రన్ గారి వైపు అసలు చూడనే లేదు. నేను కిందికి చూశాను. నల్ల చెప్పుల్లో ఆవిడ పాదాలు గడప మీద ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. నేను వెనక్కి నడిచి బల్ల మీద కూర్చున్నాను. తలుపు మూసుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది, అది నిజం. నడవాలో ట్రాలీ తోసుకెళుతున్న మనిషి కూడా చూశాడు. కోపం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఇంత మంచి మాటలు చెప్పబోతుంటే నన్నే ఆపుతుందా అని. ఆ కోపం ఇంకా చల్లారకముందే, ఆపిందిరా, ఆపేసింది అని తోచి, ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఇస్త్రీ చొక్కా చేతికి తడి అంటింది.

ఆవిడ తొందరగానే బయటికొచ్చింది.

"ఇచ్చారు" అంది. "ఒకటో తారీకు నుంచి."

"ఏం అడిగారు?"

"పెద్దగా ఏమీ అడగలేదు. గుమ్మం దగ్గర చూశాం కదా, ఇంకేం చూడాలి అన్నారు మేట్రన్ గారు. సర్జన్ గారైతే, ఇలా ఆపి చూపించడానికే ఆయన్ని వెంట తెచ్చుకున్నారా అని అడిగారు."

నేను గర్వంగా నవ్వాను. ఆ కిరీటమైనా నాకు దక్కుతుందని ఆశ పుట్టింది. "అవునని చెప్పకపోయావా? అంత ప్రాక్టీసు చేశాం కదా. సరిగ్గా సమయానికి గుర్తొచ్చింది నీకు."

ఆవిడ నడుస్తున్నదల్లా ఆగింది.

"ప్రాక్టీసు కాదండీ" అంది మెల్లిగా. "నాకసలు క్లాసూ గుర్తు రాలేదు, వాళ్ళు చూస్తున్నారనీ గుర్తు రాలేదు. మీరు లోపలికొస్తారనేసరికి, వద్దనిపించింది. నిజంగా వద్దనిపించింది. మీరొస్తే అంతా మీరే మాట్లాడేస్తారు."

అనేసి, నాకు నొప్పి కలిగిందేమోనని చూసింది. కలిగింది. అలా కాదు, నేను మాట్లాడబోయింది నీ కోసమే అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఆవిడ అన్నదే రుజువవుతుందని తట్టి మూసేశాను.

బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకి దొరికింది. నేను మొండిగా పెదవి విప్పకుండా కూర్చున్నాను. కాసేపట్లో ఆవిడే మొదలెట్టింది. కొత్త వార్డులో మంచాలు కిటికీల వైపు తిప్పించాలట, రోగికి ముందు వెలుతురు కనబడాలట. రాత్రి డ్యూటీ పిల్లలకి కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీలు అడగాలట. ఇదివరకటి వార్డులో ఒకావిడ ఆపరేషనైన మర్నాడు చుట్టాల గోలకి నిద్రలేక ఒకటే ఏడ్చిందట, ఆ రోజు తను ఎవర్నీ బయటికి పంపలేకపోయిందట. ఆ ఏడుపు ఇప్పటికీ వినిపిస్తుందట. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. మా స్టాపు దగ్గరపడింది, ఇంకా చెబుతూనే ఉంది. మా ఆవిడ ఇంత మాట్లాడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.